మొదటి గరిటె

గంజి అన్న మాటకు నేను ఏడు అర్థాలు రాశాను. హైదరాబాదు నుంచి రిజిస్టరు పోస్టులో ప్రూఫుల కట్ట వస్తే, విప్పగానే ముందు వెతికింది ఆ మాటనే. అరవై మూడో పేజీలో రెండో వరసలో ఉంది. ఏడు అర్థాలూ ఉన్నాయి. ఒక్క అచ్చుతప్పు కూడా లేదు. దిద్దడానికి ఏమీ లేదని తెలిసి కలం కింద పెట్టేశాను.

నేను ఆదోనిలో తెలుగు పండితుణ్ణి. పోయినేడు, ఎనభై అయిదులో, రిటైరయ్యాను. పిల్లలకు సంధులూ సమాసాలూ చెప్పడం నా ఉద్యోగం, మాటలు పోగుచెయ్యడం నా పిచ్చి. చేతిపనులవాళ్ళ నోళ్ళలో ఉండి నిఘంటువులకు ఎక్కని మాటల్ని తెల్ల అట్టముక్కల మీద రాసి, చెప్పుల డబ్బాల్లో పెట్టుకునేవాణ్ణి. "ఈ ఇంట్లో వేసుకోవడానికి చెప్పుల్లేవు గానీ డబ్బాలు మాత్రం పదహారున్నాయి" అని మా ఆవిడ దెప్పేది. ఒక మాట ఎక్కడ పుట్టిందో, ఎన్ని ఊళ్ళు తిరిగిందో తెలిసిన రోజు నాకు కడుపు నిండినట్టుండేది. అన్నం తిని కూర్చున్నవాడికే అలా మాటలతో కడుపు నిండుతుందని అప్పట్లో తోచలేదు.

గంజినే చూడండి. తమిళులు కంజి అంటారు. కన్నడంవాళ్ళు మనలాగే గంజి అంటారు. సంస్కృతంలో కాంజికమని ఒక పులిసిన నీళ్ళ పేరుంది. మా పండితులు అలవాటు ప్రకారం గంజి అక్కణ్ణుంచే దిగివచ్చిందంటారు. అది మన పొయ్యి మీదనుంచే పైకెక్కి పోయిందని నా వాదం. పోర్చుగీసు ఓడల్లో సముద్రం దాటి దొరల భాషలో కూడా చేరిందట. మా వీధి చివర పరుపులు కుట్టే యూసుఫ్ సాబ్‌కు ఇదంతా చెప్తే పడి పడి నవ్వాడు. "మా ఉర్దూలో గంజీ అంటే బోడిగుండు ఆడమనిషి, పండితులవారూ. మా మేనత్త పేరున ఒక కార్డు రాసుకోండి" అన్నాడు. అదీ రాసుకున్నాను. అది వేరే మాట అని పేజీ అడుగున చిన్నక్షరాల్లో ఉంది.

అసలైన ఏడు అర్థాలూ నాకు ఇచ్చింది ఒకే మనిషి. ఎమ్మిగనూరు మగ్గాల వీధిలో బసమ్మవ్వ.

అది డెబ్భై మూడు వేసవి. రెండేళ్ళుగా వానల్లేవు. ఆదోని నుంచి ఎమ్మిగనూరు దాకా బస్సు కిటికీలోంచి చూస్తే పచ్చగా కనిపించేది ఒక్క తుమ్మచెట్టే. నూలు దొరక్క సగం మగ్గాలు ఆగిపోయాయి. నేను మాత్రం ఆదివారం ఆదివారం మొదటి బస్సెక్కి, సంచీలో అట్టముక్కలు పెట్టుకుని, మగ్గం మాటల కోసం పోయేవాణ్ణి. ఊరంతా గింజల కోసం తిరుగుతుంటే మాటల కోసం తిరిగే మనిషి ఎలా కనిపించి ఉంటాడో ఇప్పుడు తలచుకుంటే నాకే సిగ్గేస్తుంది. వాళ్ళు మాత్రం ఒక్కనాడూ ఎగతాళి చెయ్యలేదు. అయ్యోరొచ్చినారని చాప వేసేవాళ్ళు.

అవ్వ కొడుకు సోమన్న. మాట తక్కువ, చెయ్యి మంచిది. కోడలు కస్తూరమ్మకు అప్పటికి ముప్ఫై ఏళ్ళుంటాయి. కండెలు చుట్టడం, గంజి కాయడం, ఇంటి చాకిరీ అంతా ఆమెదే. పిల్లల్లేరు. అవ్వ రెండు కళ్ళకూ పొరలు కమ్మి పదేళ్ళయింది. గుంటమగ్గం పక్కన గోడకు ఆనుకుని కూర్చుని, నూలును వేళ్ళతో తడుముతూ చిక్కులు తీసేది. చూపు పోయాక మాట మరీ పదునెక్కిందని వీధిలో అనుకునేవాళ్ళు.

"అవ్వా, గంజి అంటే ఏమేమి?" అని అడిగాను ఒక ఆదివారం.

"గంజంటే గంజే గదప్పా. ఏం, అయ్యోరోళ్ళింట్ల తాగరా?"

"అట్లా కాదవ్వా. ఆ మాటను మీరు ఎన్ని విధాలుగా వాడతారో అన్నీ చెప్పాలి."

అవ్వ నూలు ఒళ్ళో పెట్టుకుంది. "బువ్వ వార్సితే వచ్చేది గంజి. అది బువ్వ ఉండేటోళ్ళ గంజి. పిండి కాసుకుని తాగేది మా గంజి. సాకలోడు బట్టకు పెట్టేది ఇంగొకటి. మేము నూలుకు పెట్టేది ఇంగొకటి. నా కొడుకు నాకు గంజి పోస్తాండాడు అంటాననుకో, ఒట్టి గంజే పోస్తాండాడని కాదు, సాకుతాండాడని. ఇప్పుడు ఆ గుడారం ఏసి సర్కారోళ్ళు పోస్తాండారే, ఆడికి పోయొస్తే గంజికి పోయొచ్చినామంటాము. దాంట్ల గంజి కన్నా సిగ్గే ఎక్కువుంటది. ఇంగ కలో గంజో తాగి బతుకుతామంటామే, అది తాగేదాని మాట కాదప్పా. సావకుండా ఉండేదాని మాట."

నేను గబగబా రాసుకుంటుంటే కలం చప్పుడు విని నవ్వింది. "అంబలి తాగేటోనికి మీసాలెత్తేటోడు ఒకడంట. నేను గంజి తాగుతాంటే నువ్వు రాస్తాండావు."

ఆ రోజు బస్సులో తిరిగి వస్తూ ఆ కార్డు నాలుగుసార్లు తీసి చదువుకున్నాను. జన్మకు ఇది చాలనుకున్నాను.

నూలుకు గంజి పెట్టడం అంటే ఇంటి పని కాదు, వీధి పని. మగ్గానికి ఎక్కించే ముందు పడుగు దారాల్ని వీధి పొడవునా చాచి కడతారు. ఎండెక్కకముందే, అటు నలుగురూ ఇటు నలుగురూ నిలబడి, గంజి చల్లుతూ పెద్ద కుంచెలతో దువ్వుకుంటూ పోతారు. ఎనిమిది మంది ఒక్కసారిగా కదలాలి. ఒక కొస తడుస్తూండగా ఇంకో కొస ఎండితే దారాలు అంటుకుని తెగుతాయి. అందుకే ఒకరి పడుగుకు ఒకరు చెయ్యి పడతారు. ఎనిమిది జతల చేతులు లేని ఇంట్లో మగ్గం ఉన్నా లేనట్టే.

ఆ గంజికి ఒక వరస ఉంది. కుండలో జొన్నగంజి ఉడకగానే మొదటి గరిటె ఇంట్లో పెద్దవాళ్ళకు పోస్తారు. "పెద్దోళ్ళ నోరు తడిసినాకనే నూలు తడపల్ల" అనేది అవ్వ. ఆ తర్వాతే కుండలో కాస్త నూనె, నూలుకు బూజూ పురుగూ పట్టకుండా మైలుతుత్తమూ వేస్తారు. తుత్తం విషం. అది పడ్డాక ఆ గంజి ఇక మనుషులది కాదు. అవ్వ సత్తుగిన్నె ఎప్పుడూ ఆమె కుడిచేతి పక్కన, గోడ మూలలోనే ఉండేది. ఆమె అడిగేది కాదు, తాగమని ఎవరూ చెప్పేవాళ్ళూ కాదు. చెయ్యి చాపితే గిన్నె దొరికేది, గిన్నెలో ఉన్నది ఆమెదే. ఇదంతా నేను అంతకు ముందే కార్డు మీద రాసుకున్నాను. తెలియక చేశానని చెప్పుకోవడానికి కూడా నాకు దారి లేదు.

మే నెలలో మూడో ఆదివారం. బస్సు గంట ఆలస్యంగా పోయింది. నేను చేరేసరికి సోమన్న పడుగు వీధిలో చాచి ఉంది. చెయ్యి పట్టడానికి వచ్చినవాళ్ళు నీళ్ళు చల్లుకుంటూ, కుంచెలు తడుపుకుంటూ ఉన్నారు. లోపల కస్తూరమ్మ పొయ్యి ముందు కూర్చుని ఉంది, అవ్వ పెరట్లో ముఖం కడుక్కుంటోంది. కుండలో పిండి అప్పుడే పడింది, ఇంకా ఉడకలేదు. నూలు దొరికి పడుగు పడడం ఆ ఇంట్లో రెండు నెలల తర్వాత అదే మొదలు. కస్తూరమ్మ ముఖంలో ఆ వెలుగుంది.

"తుత్తం కరిగించేది నేను ఇంతవరకూ చూడలేదు కస్తూరమ్మా. అది చూపించాలి" అన్నాను.

"గంజి ఉడకనీండి అయ్యోరా. అవ్వకు పోసినాక ఏస్తాను, అప్పుడు సూద్దురుగానీ."

"నేను పది గంటల బస్సుకు పోవాలి. ఒక్కసారి ఇప్పుడే కరిగించి చూపించు. ఏమేమంటారో రాసుకుంటాను."

ఆమె వెంటనే కదల్లేదు. అవ్వకు గంజి పోయకముందు తుత్తం ముట్టుకోవడం ఆ ఇంట్లో ఎన్నడూ లేదు. మళ్ళీ అయ్యవారి మాట కాదనడమూ లేదు. అటూ ఇటూ చూసింది. ముంతలూ చట్టీలూ అన్నీ వీధిలో ఉన్నాయి. చేతికి దొరికింది అవ్వ గిన్నె ఒక్కటే. దాన్ని పట్టుకుని నా వైపు చూసింది.

"తర్వాత కడిగేస్తావు కదమ్మా" అన్నాను.

ఆ మాట అన్నది నేనే. పదమూడేళ్ళుగా అది నా చెవుల్లోంచి పోలేదు.

కుండంతటికీ వెయ్యవలసిన తుత్తం గడ్డను ఆమె ఆ గిన్నెలో వేసి, కుండలోంచి ఇంత వేడి పిండినీళ్ళు పోసి, పుల్లతో కలిపింది. గడ్డ కరిగేకొద్దీ నీలం చిక్కబడింది. నాకు ఒళ్ళు పులకరించింది. మయిలు అంటే నెమలి. మయూరతుత్థం. నెమలి మెడ రంగు కనక మైలుతుత్తమైంది. ఆ సంగతి పైకే చెప్పి మురిసిపోయాను. కస్తూరమ్మ కూడా మర్యాదకు నవ్వింది. కార్డు మీద 'మైలు' అని రాస్తూనే, గుమ్మంలోంచి వీధిలోకి చూసి, "ఆ కుంచెకు అడ్డంగా బిగించిన కట్టెను ఏమంటారు? ఒకసారి బయటికొచ్చి చూపించమ్మా" అన్నాను.

ఆమె లేచింది. లేస్తూ గిన్నెను కింద పెట్టింది. కాపురానికి వచ్చిన పదకొండేళ్ళుగా ఆ చెయ్యి ఆ గిన్నెను పెట్టే చోటనే, గోడ మూలలోనే పెట్టింది.

వీధిలో మేము ఉన్నది రెండు నిమిషాలో మూడు నిమిషాలో. కట్టె పేరు రాసుకున్నాను. కస్తూరమ్మ లోపలికి పోయింది, ఆమె వెనకే నేను గుమ్మంలోకి వచ్చాను. అవ్వ పెరట్లోంచి తన చోటికి వచ్చి కూర్చుని, కొంగుతో మూతి తుడుచుకుంటోంది.

"ఈ పొద్దు గంజి మరీ సేదుగా ఉండాదే కస్తూరీ" అంది. "మళ్ళా ఆ ఎర్రజొన్నేనా?"

కరువు సాయం కింద ఆ ఏడాది పంచిన ఎర్రజొన్నలు చేదుగా ఉండేవి. నెలల తరబడి చేదు గంజి తాగిన నోరది, చేదని ఉమ్మెయ్యడం మానేసింది. ముందు రోజంతా ఆ ఇంట్లో ఎవరూ ఏమీ తినలేదని నాకు తర్వాత తెలిసింది. గిన్నె అడుగున ఒక్క గుక్క మిగిలి ఉంది. అవ్వ పెదాల మీద నీలం ఉంది.

కస్తూరమ్మ అరిచిన అరుపుకు వీధిలో కుంచెలు ఆగిపోయాయి. వాంతి చేయించారు. ఎవరో మజ్జిగ తెచ్చారు, ఎవరో కోడిగుడ్లు తెచ్చారు. ఎద్దులబండిలో పడుకోబెట్టి ఆసుపత్రికి తీసుకుపోయాం. డాక్టరు చెయ్యగలిగిందంతా చేశాడు. మొదటి రోజు గడిచేసరికి బతుకుతుందనుకున్నాం. రెండో రోజు కళ్ళు పసుపుపచ్చనయ్యాయి, మూత్రం ఆగిపోయింది. నేను బడికి సెలవు పెట్టి మంచం పక్కనే ఉన్నాను. సాయంత్రం అవ్వ నా చెయ్యి తడిమి పట్టుకుంది.

"తుత్తం కార్డు రాసుకుంటివా అప్పా?"

"రాసుకున్నానవ్వా."

"ఊఁ" అంది. నాలుగో రోజు పొద్దున పోయింది. వాళ్ళ ఆచారం ప్రకారం కూర్చోబెట్టి పూడ్చారు.

డాక్టరు పొరపాటున తాగిందని రాశాడు. పోలీసులూ దాన్ని అంతటితో వదిలేశారు. వీధి వదల్లేదు. కరువులో ముసలివాళ్ళు పోతే ఎవరూ ఆరా తీయరు. తుత్తం తాగి పోతే మాత్రం తీస్తారు. చావుకు వారం ముందు గంజి గుడారం దగ్గర వరసలో నిలబడి, ఆకలిమీద, కస్తూరమ్మ అత్తమీద విసుక్కుంది. "ఎంత పోసినా నీ నోటికే సాలదు" అంది. అత్తాకోడళ్ళన్నాక అనుకోని మాటా అది! అందరూ విన్నారు. అప్పుడు ఎవరికీ పట్టని ఆ మాటను ఇప్పుడు నోటికొక రకంగా తిప్పారు.

పదకొండో రోజు వీధివాళ్ళు మఠం ముందు పంచాయితీకి కూర్చున్నారు. కులపెద్ద వీరభద్రప్ప చెడ్డవాడు కాడు. నన్ను కబురు పెట్టి పిలిపించాడు, నులకమంచం వేయించాడు.

"అయ్యోరా, మీరు సదువుకున్నోరు. ఆ పొద్దు ఆడనే ఉంటిరి. గంజి ఉడక్కముందే తుత్తం కరిగిచ్చేటోళ్ళు ఈ వీధిలో యా ఇంట్లనన్నా ఉండారా? అది అవ్వ గిన్నెలోకి ఎట్ల వచ్చె?"

నేను నోరు తెరిచేలోపలే కస్తూరమ్మ ఆడవాళ్ళ మధ్యనుంచి లేచి నిలబడింది. "అయ్యోరు సూపియ్యమంటేనే కరిగిచ్చినాను. ఏరే గిన్నె లేకపాయ. అయ్యోర్నే అడగండి" అంది. ఆ గొంతులో భయం లేదు. నేను ఉన్నాను కదా అన్న ధీమా ఉంది.

అందరూ నా వైపు తిరిగారు.

నేను అప్పుడు ఏమేమి ఆలోచించానో దాచను. కేసు మళ్ళీ తోడతారనుకున్నాను. ఉద్యోగం పోతుందనుకున్నాను. పండితుడొకడు ముసలమ్మను చంపాడని ఆదోనిలో చెప్పుకుంటారనుకున్నాను. పదహారు డబ్బాలూ, అచ్చు కావలసిన పుస్తకమూ కూడా తలపుకొచ్చాయి. అది తలచుకుంటే ఇప్పటికీ నన్ను నేను కొట్టుకోవాలనిపిస్తుంది.

"నేను మాటలు అడిగాను, అంతే" అన్నాను. "గిన్నె సంగతి నాకు తెలియదు. అవ్వ తాగినప్పుడు నేను బయట పడుగు దగ్గర ఉన్నాను."

చివరి మాట నిజమే. దాన్ని పట్టుకునే ఇన్నేళ్ళు బతికాను.

కస్తూరమ్మ నన్ను తిట్టలేదు. నన్నే చూస్తూ మెల్లగా కూర్చుంది. సోమన్న తల ఎత్తలేదు. వీరభద్రప్ప జరిమానా వెయ్యలేదు, వెలి వెయ్యలేదు. "ఎవురి పాపం వాళ్ళకు తెలుసు. ఇంగ ఆ ఇంటి పడుగుకు మాత్రం ఎవురూ సెయ్యి పట్టొద్దు" అన్నాడు. అంతే. అందరూ లేచి ఎవరి ఇళ్ళకు వాళ్ళు పోయారు. నేను పది గంటల బస్సుకు పోయాను.

మళ్ళీ ఎమ్మిగనూరు పోలేదు. సోమన్నా కస్తూరమ్మా ఇద్దరే ఒక తెల్లవారుజామున ఆ పడుగుకు గంజి పెట్టబోయారని తర్వాత తెలిసింది. మొగుడు ఒక పక్క, పెళ్ళాం ఒక పక్క. వీధిలో గుమ్మాలన్నిట్లో జనం నిలబడి చూశారట. ఈ కొస నుంచి ఆ కొసకు పోయేలోపల ఈ కొస ఎండిపోయింది. దారాలు అంటుకున్నాయి, విడదీయబోతే తెగాయి. మధ్యాహ్నానికి సోమన్న పడుగునంతా చుట్టేసి ఇంట్లో పారేశాడట.

ఈ సంగతులన్నీ నాకు చేరవేసింది యూసుఫ్ సాబ్. పరుపుల దూది కోసం అతడు మిల్లులకు పోతుండేవాడు. "మీ సోమన్న ఈడనే జిన్నింగు మిల్లులో దూది బేళ్ళు మోస్తాండాడు పండితులవారూ. నేసే సేతులవి. పాపం, తోలు ఊడొచ్చింది" అన్నాడు. మరునాటి నుంచి బడికి స్టేషను వైపు తిరిగి పోవడం మొదలుపెట్టాను. చుట్టుదారి, మైలు ఎక్కువ. అయినా మిల్లు గేటు తగలదు. పదేళ్ళు ఆ దారినే నడిచాను. ఎనభై నాలుగులో దుమ్ము దగ్గుతో సోమన్న పోయాడని చెప్పినప్పుడు యూసుఫ్ సాబ్ నా ముఖంలోకి చూశాడు. "మీరు ఒకసారి పోయి పలకరించండి. ఆయమ్మకు ఎవురూ లేరు" అన్నాడు. అందులో నా చెయ్యి ఉందని అతనికి తెలియదు. తెలిస్తే నాతో మాట్లాడేవాడు కాడేమో.

ప్రూఫులు వచ్చిన మూడో రోజు పోయాను. మిల్లుల వెనక గుడిసెల్లో ఆమె పేరు చెప్పి అడిగితే, పత్తి ఏరుకుంటున్న ఒక ఆడమనిషి నన్ను ఎగాదిగా చూసింది. "తుత్తం కస్తూరమ్మనా? ఆ కొసది" అంది.

ఆ పేరు ఎమ్మిగనూరు నుంచి ఇంత దూరం వెంట వచ్చిందని నాకు తెలియదు. వెనక్కి తిరిగి పోదామనిపించింది. పోలేదు.

గుడిసె ముందు మూడు రాళ్ళ పొయ్యి మీద కుండ ఉడుకుతోంది. ఆమె జుట్టు సగం నెరిసింది. కనురెప్పల మీద దూది నుసి ఉంది. నన్ను వెంటనే గుర్తుపట్టింది.

"రాండి అయ్యోరా" అని గోనెపట్ట పరిచింది.

నేను కూర్చున్నాను. దారి పొడవునా క్షమాపణ మాటలే అనుకుంటూ వచ్చాను. సంచీలోంచి ప్రూఫు తీసి, "అవ్వ చెప్పిన మాటలు అచ్చవుతున్నాయి" అన్నాను. ఎంత సిగ్గుమాలిన మొదలో అంటున్నప్పుడే తెలిసింది.

"సదవండి" అంది.

చదివాను. వార్చిన నీళ్ళు, కాచిన జావ, చాకలి గంజి, నూలు గంజి, పెద్దవాళ్ళను సాకడం, కరువు గుడారం, చావకుండా ఉండడం. ఆమె పొయ్యిలోకి చూస్తూ విన్నది. కలో గంజో అన్న చోట చిన్నగా నవ్వింది. "అవ్వ అట్లనే సెప్పె" అంది. తర్వాత, "అయిపాయనా?" అని అడిగింది.

"అయిపోయింది."

"ఆ పొద్దు జరిగిందేం రాయలేదా?"

"లేదు కస్తూరమ్మా." ప్రూఫు మడిచాను. "నేను అబద్ధం చెప్పాను. నేను అడిగినందుకే నువ్వు కరిగించావు. నేను పిలిచినందుకే గిన్నె కింద పెట్టావు. వీరభద్రప్ప ఇంకా ఉన్నాడట. రేపే పోదాం, నాతో రా. మఠం ముందు అందరినీ పిలిచి చెప్తాను."

ఆమె పొయ్యిలోకి ఒక పుల్ల తోసింది.

"మా ఇంటాయప్ప పోయె" అంది. "మగ్గం పొయ్యిలోకి పోయె. సావబొయ్యే ముందు రోజు ఆయప్ప నన్ను అడిగినాడు అయ్యోరా, నిజం సెప్పు కస్తూరీ అని. పదకొండేండ్లు ఒకే సాప మీద పండుకుని, ఆ పొద్దు అడిగినాడు. నేను సెప్పినాను. నమ్మినాడో లేదో నాకు తెలీదు. ఇంగ ఆ వీధోళ్ళు నమ్మితే నాకేం, నమ్మకపోతే నాకేం."

ఏడవాలనిపించింది. ఆమె ముందు ఏడ్చే హక్కు కూడా నాకు లేదనిపించింది.

కుండ పొంగింది. ఆమె మూత తీసి కలిపి, గుడిసెలోపలికి పోయి గిన్నె తెచ్చింది. అదే సత్తుగిన్నె. అంచు దగ్గర సొట్ట నాకు గుర్తే. మొదటి గరిటె అందులో పోసి నా ముందు పెట్టింది.

"తాగండి. ఈడ పెద్దోళ్ళు మీరే గదా."

గిన్నె చేతిలోకి తీసుకున్నాను. తీసుకుని, తాగబోయే ముందు, లోపలికి చూశాను.

రెప్పపాటు, అంతే. రంగు చూశాను. ఈ లోకంలో ఆమె ఏ పాపం ఎరగదని కళ్ళారా తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ నేనే చూశాను.

ఆమె అది కనిపెట్టింది. ముఖం మారలేదు. నా చేతిలోంచి గిన్నె మెల్లగా తీసుకుని, ఒక గుక్క తాను తాగి, కొంగుతో అంచు తుడిచి, మళ్ళీ నా చేతికిచ్చింది.

"పదమూడేండ్లుగా ఎవురికి పోసినా ముందు నేనే తాగి సూపిస్తాండాను అయ్యోరా" అంది. "మీకు మటుకు ఆ పని ఉండదనుకుంటి."

గిన్నెలో ఉన్నది జొన్నగంజి. ఉప్పు కూడా సరిగ్గా ఉంది.